స్పీడ్‌వే రైడర్‌కి ఒకే సీజన్‌లో మూడు క్లబ్బులా? అది తప్పు కాదు

స్పీడ్‌వే అంటే మట్టి ట్రాక్ మీద జరిగే బైక్ రేసు. స్వీడన్ స్పీడ్‌వే రైడర్ టోనీ రికార్డ్‌సన్ కెరీర్ పట్టికలో ఒకే ఏడాదికి రెండు మూడు దేశాల క్లబ్బులు కనబడుతున్నాయి, ఏది నిజమో తేలడం లేదని అడిగారు కదండీ. అన్నీ నిజమే. ఒకసారికి ఒకే క్లబ్బు అనే ఫుట్‌బాల్ లెక్కతో చూస్తే అందరికీ ఇదే తికమక. స్పీడ్‌వేలో పెద్ద రైడర్లు ఒకే సీజన్‌లో బ్రిటన్, పోలండ్, స్వీడన్ లీగుల్లో ఆడతారు. పోలండ్ మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారం, స్వీడన్‌వి మంగళవారం. మధ్యలో విమానం ఎక్కడం, దిగడం, ఏ దేశంలో బైక్ ఆ దేశంలో మెకానిక్ దగ్గర సిద్ధంగా ఉండటం, ఇదే వాళ్ల బతుకు. ఆ బైక్ కూడా మామూలుది కాదు: 500 సీసీ, మిథనాల్ ఇంధనం, ఒకటే గేరు, బ్రేకులు అసలుండవు. నలుగురు, నాలుగు ల్యాపులు, నిమిషం దాదాపు గడిచేసరికి రేసు అయిపోతుంది.

అందుకే పట్టికని క్లబ్బు వారీగా కాకుండా దేశం వారీగా విడదీసి చదవండి. బ్రిటన్‌లో పూల్ క్లబ్బు, స్వీడన్‌లో మసార్నా క్లబ్బు, పోలండ్‌లో టార్నుఫ్ క్లబ్బు అని వరుస దానంతటదే తేలిపోతుంది.

ప్రపంచ టైటిళ్లు వేరే లెక్క. అక్కడ క్లబ్బుల ఊసే లేదు, ఎవరికి వారే. ఆయనవి ఆరు: 1994, 1998, 1999, 2001, 2002, 2005. వీటిలో 1994ది మాత్రం డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో ఒకే రాత్రి ఫైనల్‌లో గెలిచింది. 1995 నుంచి గ్రాండ్ ప్రి సిరీస్ వచ్చింది, సీజన్ మొత్తం పాయింట్లు కూడబెట్టాలి. న్యూజిలాండ్ రైడర్ ఇవాన్ మాగర్‌వి కూడా ఆరే, కానీ ఆ ఆరు టైటిళ్లూ ఒకే రాత్రి ఫైనల్ అనే పాత పద్ధతివే కాబట్టి ఇద్దర్నీ పక్కపక్కన పెట్టేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోండి. నా వరకు రెండు పద్ధతుల్లోనూ నెగ్గిన రికార్డ్‌సన్‌దే ఒక మెట్టు పైన.