రాని సబ్సిడీని నమ్ముకుని రెండు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బజారులో చిన్న బట్టల దుకాణం ఉంది. నా వయసు 46. ఇద్దరు పిల్లలు, అమ్మ కూడా మాతోనే. దుకాణం సంగతి పక్కన పెడితే ఇంటి ఖర్చు నెలకు 28,000. కరెంటు నెలకు 260 యూనిట్ల దాకా కాలుతుంది, బిల్లు 1,300 వరకు వస్తోంది. డాబా మీద బ్యాటరీలతో సహా 5 కిలోవాట్ల సోలార్ పెట్టడానికి ఒక ఏజెన్సీ 4,80,000 చెప్పింది. ఎఫ్‌డీలో ఉన్న రెండు లక్షలు తీసి, మా ఆవిడ నగల మీద లక్షన్నర తెచ్చి, మిగతా 1,30,000 తెలిసినాయన దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసుకుందామనుకుంటున్నాను. కేంద్రం, ఒడిశా సబ్సిడీలు కలిపి 1,38,000 వస్తుందన్నారు, అది రాగానే చేబదులు తీర్చేస్తాను. మీటరు ఇంకా నాన్నగారి పేరునే ఉంది, ఆయన పోయి నాలుగేళ్లయింది. పాతపట్నంలో మా బావగారు పెట్టించుకున్నాక బిల్లు సున్నా అయింది. నెలాఖరులోపు అడ్వాన్సు ఇవ్వకపోతే సబ్సిడీ పోతుందంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: ఇవ్వకండి. సోలార్ మీకు పనికిరాదని కాదు. మీలాంటి ఇంటికి అది మంచిదే. కానీ దానికి డబ్బు తేవాలనుకున్న మూడు దారులూ తప్పే. చేతికి రాని సబ్సిడీని జమ కింద రాసుకుని, దాన్ని చూపించి అప్పు తెచ్చుకోవడం ఈ మధ్య చాలా ఇళ్లలో జరుగుతోంది. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు వడ్డీ లెక్క చూడండి. 1,30,000కు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,600. మీ కరెంటు బిల్లుకు సరిగ్గా రెట్టింపు! నగల మీద తెచ్చే లక్షన్నరకు పది శాతమే వేసుకున్నా నెలకు 1,250. ఎఫ్‌డీ విరిస్తే దాని మీద వచ్చే వడ్డీ నెలకు వెయ్యి దాకా పోతుంది. 1,300 బిల్లు తప్పించుకోవడానికి నెలకు అయిదు వేలకు దగ్గరగా పోగొట్టుకుంటారన్నమాట. తెచ్చిన అప్పుల అసలు తీర్చే సంగతి ఇంకా ముట్టుకోనేలేదు. ఏజెన్సీవాళ్లు ఇరవై అయిదేళ్ల లాభం పట్టికలో వేసి చూపిస్తారు. ఆ పట్టికలో మీ చేబదులుకు గడి ఉండదు.

మీ నాన్నగారి పేరున ఉన్న మీటరు సంగతి చిన్నదనుకోకండి. కేంద్రం సోలార్ సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో దరఖాస్తు ఆ కనెక్షన్ వినియోగదారు నంబరు మీదే పెట్టాలి. బిల్లు మీది పేరూ, దరఖాస్తుదారు పేరూ, బ్యాంకు ఖాతా పేరూ ఒకటై ఉండాలి. ప్యానెళ్లు బిగించి, వచ్చే కరెంటునూ వెళ్లే కరెంటునూ లెక్కించే నెట్ మీటరు పెట్టి, కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) వాళ్లు వచ్చి చూసి, అంతా పనిచేస్తోందని కమిషనింగ్ రిపోర్టు ఇచ్చాకే సబ్సిడీ మాట. చనిపోయిన వారి పేరుతో ఈ దారిలో ఒక్క అడుగు కూడా పడదు. పేరు మార్పిడికి వారసత్వ ధ్రువపత్రం కావాలి, తోబుట్టువులుంటే వాళ్ల సమ్మతి కావాలి. ఇవన్నీ చేతికొచ్చేసరికి నెలలు గడిచినా ఆశ్చర్యం లేదు. ఆ ప్రతి నెలా మీ చేబదులుకు 2,600 కడుతూనే ఉండాలి. పైగా ఒడిశా ఇచ్చే వాటా రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయం, రేపు మారవచ్చు. మారినా మీ ఇల్లు కుదుపు లేకుండా నడిచేలా ప్రణాళిక ఉండాలి. మీ లెక్కలో ఆ జాగ్రత్త ఎక్కడా లేదు.

నెలాఖరు గడువు మాట నమ్మకండి. కేంద్రం ఈ పథకాన్ని 2024లో మొదలుపెడుతూ 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా అని ప్రకటించింది. నెలాఖరు తొందర ఆ ఏజెన్సీ అమ్మకాలది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఆ రెండు లక్షల ఎఫ్‌డీ. మీ ఇంటి ఖర్చు 28,000 అయితే ఆరు నెలలకు 1,68,000. అంటే మీకు తెలియకుండానే సరిపడా అత్యవసర నిధి కూడబెట్టుకున్నారు. మీ దగ్గర ఉన్న ఆస్తుల్లో అన్నిటికన్నా విలువైనది అదే. దాన్ని డాబా మీద బిగించేస్తే మళ్లీ విప్పి బ్యాంకులో వేసుకోలేరు. అమ్మగారికి ఒంట్లో బాగోలేక రాత్రికి రాత్రి బరంపురమో విశాఖో తీసుకెళ్లాల్సి వస్తే ప్యానెల్ చూపిస్తే ఏ ఆసుపత్రీ చేర్చుకోదు. ఆ రోజుకు నగలు కూడా తాకట్టులోనే ఉంటాయి.

మీ ఊళ్లో బట్టల వ్యాపారం చేసేవారికి ఈ నిధి అవసరం మరీ ఎక్కువ. తుపాన్ల తేదీలు ఒకసారి గుర్తు చేసుకోండి. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా దసరా రోజులు. హుద్‌హుద్ మరుసటి ఏడాది అదే తేదీన విశాఖను కొట్టింది, దీపావళి ముందు. తిత్లీ 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాను ఏం చేసిందో మీరు కళ్లారా చూసిన మనిషి. అప్పుడూ నవరాత్రులే. ఏడాది అమ్మకాల్లో పెద్ద వాటా వచ్చే వారంలోనే తుపాను వస్తుంది. సరుకు మాత్రం అప్పటికే అరువు మీద తెచ్చి నింపి ఉంటారు. దుకాణం మూతపడి, సరుకు తడిసి, టోకు వ్యాపారి ఫోన్ చేస్తుంటే ఇల్లు గడిచేది ఆ ఎఫ్‌డీతోనే. సోలార్ కోసమే కాదు, మరే పని కోసమైనా దాన్ని ముట్టుకోకండి. పెళ్లికైనా సరే, స్థలానికైనా సరే.

తుపాను వస్తే కరెంటు ఉండదు కాబట్టే బ్యాటరీలు కావాలనుకున్నాను అని మీరు అనవచ్చు. అందులో కొంత న్యాయం ఉంది. గ్రిడ్‌కు కలిపిన మామూలు సోలార్, లైను పోగానే తనూ ఆగిపోతుంది. ఎండ కాస్తున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. స్తంభమెక్కి తెగిన తీగ బాగుచేసే లైన్‌మన్‌కు మీ డాబా నుంచి వెళ్లే కరెంటు తగలకూడదని అలా తయారుచేస్తారు. చాలామందికి ఇది బిగించాకే తెలుస్తుంది. అయితే నాలుగు లైట్లకు, రెండు ఫ్యాన్లకు మామూలు ఇన్వర్టరు బ్యాటరీ చాలు. దాని కోసం ఇంటి మొత్తానికి సరిపోయే లిథియం బ్యాటరీలు, వాటికి నూటికి రెండు రూపాయల వడ్డీ అక్కర్లేదు. బ్యాటరీలకు సబ్సిడీ కూడా లేదు.

5 కిలోవాట్లు మీకెందుకో ఆ ఏజెన్సీని అడిగారా? ఒక కిలోవాటు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. 5 కిలోవాట్లయితే నెలకు 600. మీకు కాలేది 260. సగానికి పైగా మీటరులో జమగా పడి ఉండడమే తప్ప మీకు ఒరిగేది లేదు. కేంద్రం సబ్సిడీ 3 కిలోవాట్లకే 78,000 దగ్గర ఆగిపోతుంది, ఆపైన ఎంత పెట్టినా పైసా పెరగదు. మీకు 2 కిలోవాట్లు చాలు, నెలకు 240 యూనిట్లు వస్తాయి. దీనికి కేంద్రం 60,000 ఇస్తుంది. ఒడిశా ప్రకటించిన వాటా మరో 50,000.

బావగారి బిల్లుతో పోల్చుకోకండి. ఆయనది ఆంధ్రా డిస్కం, ఆంధ్రా ధరలు. మీది దక్షిణ ఒడిశా డిస్కం టీపీఎస్‌ఓడీఎల్. ఒడిశాలో 2024-25 పట్టిక ప్రకారం మొదటి 50 యూనిట్లకు 2.90, అక్కడి నుంచి 200 దాకా 4.70, 400 దాకా 5.70. కరెంటు చవకగా దొరికే చోట సోలార్ మీద మిగిలేది కూడా తక్కువే. 2 కిలోవాట్లతో మీకు నెలకు 1,100 దాకా మిగులుతుంది, అంతకు మించి ఆశపడకండి. బావగారికి పెట్టిన శ్రీకాకుళం మనుషులే చవకగా పెడతామన్నా, వాళ్లు మీ డిస్కం పరిధిలో పథకం కింద నమోదైనవాళ్లో కాదో పోర్టల్‌లో చూసుకోండి. ప్యానెళ్లు దేశంలో తయారైనవి కాకపోతే సబ్సిడీ రాదు, బిల్లులో ఆ సంగతి రాయించుకోండి.

అప్పు చేయక తప్పదంటే ఈ పథకం కిందే బ్యాంకులు 3 కిలోవాట్ల వరకు తాకట్టు లేకుండా, రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ) అర శాతం కలిపిన వడ్డీకి ఇస్తున్నాయి. 6 శాతం అనుకుంటే లక్ష రూపాయలకు పదేళ్ల వాయిదా నెలకు 1,110 దగ్గర ఉంటుంది. మిగిలే కరెంటు డబ్బుతోనే దాదాపు వాయిదా కట్టేయవచ్చు. సబ్సిడీ వచ్చిన రోజు దాన్ని నేరుగా ఆ అప్పులో వేసేయండి. ఇంత దారి ఎదురుగా ఉండగా రెండు రూపాయల వడ్డీకి ఎందుకు వెళ్లాలనుకున్నారో నాకు అర్థం కాలేదు. కాగితాలు అడగడు కాబట్టే ఆ పెద్దమనిషి అంత వడ్డీ అడుగుతున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తకండి.

ప్యానెళ్లు ఎక్కించే ముందు ఇంటికి బీమా ఉందో లేదో చూసుకోండి. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను. భారత్ గృహ రక్ష పాలసీ 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీల దగ్గరా దొరుకుతోంది. తుపాను, వరద రెండూ అందులో ఉన్నాయి. బీమా మొత్తంలో ప్యానెళ్ల ధర కూడా కలిపి రాయించండి. దుకాణంలో సరుకుకు ఇది వర్తించదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. దసరా సరుకు దింపకముందే తీసుకోండి. మీ పేర టర్మ్ జీవిత బీమా పాలసీ, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా లేకపోతే సోలార్ కన్నా ముందు అవి.

ఈ వారం చేయాల్సిన పని ఒక్కటే. టీపీఎస్‌ఓడీఎల్ కార్యాలయానికి వెళ్లి పేరు మార్పిడికి ఏ కాగితాలు కావాలో రాయించుకోండి. తోబుట్టువులుంటే మీటరు సమ్మతితో పాటు డాబా వాడకానికి కూడా రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. ఇల్లు ఉమ్మడిగానే ఉంటే రేపు పంపకాల వేళ ఆ ప్యానెళ్లు ఎవరివన్న ప్రశ్న వస్తుంది. బిల్లు మీ పేరున వచ్చాక మూడు ఏజెన్సీల దగ్గర 2 కిలోవాట్లకు ధర అడిగి, బ్యాంకుకు వెళ్లండి. అంతదాకా అడ్వాన్సు అడిగినవాళ్లకు మీటరు ఇంకా నా పేరున లేదని చెప్పండి.