అవ్వ ఒడి నుంచి అమ్మ దగ్గరికి

ప్రశ్న: మాది తిరుపతి. కొడుకు, కోడలు బెంగళూరులో ఉద్యోగాలు. మనవడికి నాలుగేళ్లు. ఆరో నెల నుంచి నా దగ్గరే పెరిగాడు, నన్నే అమ్మా అంటాడు. జూన్‌లో అక్కడ ఎల్‌కేజీలో చేర్చాలని సంక్రాంతి తర్వాత నిద్రలో ఉండగానే కారెక్కించి తీసుకెళ్ళారు. మూడు రాత్రులు ఏడ్చి, జ్వరం వస్తే తిరిగి పంపేశారు. కోడలు నాతో మాట్లాడటం లేదు. నేనే వాణ్ణి చెడగొట్టానా?

సమాధానం: లేదమ్మా. ఆకలేసినా, దెబ్బ తగిలినా మూడున్నరేళ్లు వాడికి పలికిన మనిషి మీరు. ఒకరిని గట్టిగా నమ్మడం నేర్చిన బిడ్డ ఇంకొకరినీ నమ్మగలడు. పొరపాటంతా తీసుకెళ్ళిన తీరులో ఉంది. పడుకున్న ఇల్లు ఒకటి, లేచిన ఇల్లు ఇంకొకటి అయితే పిల్లలకు నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. జ్వరాన్ని మాత్రం బెంగ జ్వరమని తేల్చేయకండి, మళ్ళీ వస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఈసారి మీరూ వెళ్ళండి, బడి తెరవడానికి నెల ముందే. గంగజాతర చూసుకుని బయల్దేరదామనుకోవద్దు. అది మే మధ్యకు పడితే చాలినన్ని రోజులు మిగలవు.

అక్కడ మీ పనులు ఒక్కొక్కటిగా కోడలి చేతికి మారాలి. మొదటి వారం అన్నీ మీరే చేయండి, ఆమె పక్కన కూర్చుని చూడాలి. సంగటి ముద్ద ఎంత చిన్నగా చేస్తే మింగుతాడో, తలకు పోసేటప్పుడు కళ్ళకు చెయ్యెలా అడ్డం పెట్టాలో మీకు చేతికొచ్చిన విద్య, ఆమెకు ఎవరూ చూపించలేదు. రెండో వారం ముందు ఆట, స్నానం, తర్వాత అన్నం ఆమెకు వదలండి. మీరు అదే గదిలో ఉండండి, వాడు మీ వైపు చూసినా లేవకండి. నిద్ర అన్నిటికన్నా చివర. మూడో వారం ఆమె వాడి పక్కన, మీరు పక్క గదిలో. మీరు కట్టి విడిచిన నూలు చీర ఉతక్కుండా వాడి పక్కలో పరచండి, ఆ వాసనకు కుదురుకుంటాడు. కొన్ని రాత్రులు ఏడుస్తాడు. ఎత్తుకుని ఊరుకోబెట్టాల్సింది వాళ్ళమ్మ. మీరు పరిగెత్తుకొచ్చారా, అప్పటిదాకా ఆమె పడ్డ పాటంతా వృథా.

మిమ్మల్ని అమ్మా అంటే తిట్టకండి. "అవ్వ వస్తోంది నాయనా" అని పలకండి, చాలు. ఆమె వద్దన్నది చాటుగా ఇవ్వకండి, ఫోన్ చూపించి తినిపించడంతో సహా. అత్తాకోడళ్ల మధ్య ఎక్కువగా తెగేది ఇక్కడే.

తిరిగొచ్చేటప్పుడు చెప్పకుండా రావద్దు. ముందురోజు చెప్పండి: "పదిసార్లు పడుకుని లేస్తే అవ్వ వస్తుంది." క్యాలెండర్‌లో రోజుకో గడి వాడిచేతే కొట్టించమనండి. బస్సు టికెట్ తీసుకున్నాకే ఆ మాట ఇవ్వండి, ఎందుకంటే ఆ రోజు తప్పకూడదు.

వీడియో కాల్ సాయంత్రం ఒకే వేళకు, పది నిమిషాలు. నిద్రవేళ వద్దు, మానిన గాయం రేగుతుంది. "చిక్కిపోయావేరా", "అమ్మ కొట్టిందా" అనొద్దు. చెనిక్కాయలు ఒలుస్తూ చూపించండి, లెక్కపెట్టించండి. వాడు మధ్యలో పారిపోతే అది ఆట ధ్యాసే, మిమ్మల్ని మరిచిపోయి కాదు.

పక్క తడపడం, మీ మీద అలగడం కొన్ని వారాలు మామూలే. నెల దాటినా తిండి, నిద్ర, మాట తగ్గుతుంటే డాక్టరుకు చూపించాలి.

ఇక కోడలు. తన ఒళ్ళో ఉండి బిడ్డ "అమ్మ కావాలి" అని ఏడ్చాడు. ఆ అమ్మ తను కాదని తెలిసిన రాత్రులు ఆమెకు అవి. ఆ మౌనంలో కోపం కంటే నొప్పే ఎక్కువ ఉండొచ్చు. ముందు మీరే ఫోన్ చేయండి. సంజాయిషీలు వద్దు. "నిద్రకు ముందు వాడికి ఇలా చేస్తే ఇష్టమమ్మా" అని ఒక్క సంగతి చెప్పి పెట్టేయండి. మర్నాడు ఇంకొకటి.

వాడు వెళ్ళాక ఇల్లు బోసిపోయి మీకు నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.