మీరు అడిగారు: కల్కి పాఠకులు, వాళ్ల ఉత్తరాలు

గత సంచికలో తమిళ చారిత్రక నవలాకారుడు కల్కి కృష్ణమూర్తి గురించి ఒక్క పేరా రాశానో లేదో, ఉత్తరాలూ మెయిళ్లూ వరస కట్టాయి. అందుకని ఈసారి సినిమా ప్రశ్నలు, క్రికెట్ ప్రశ్నలు పక్కన పెట్టేశాను, కోప్పడకండి.

ప్రశ్న: మా కోడలు తమిళ అమ్మాయి. కాపురానికి వచ్చేటప్పుడు నగలతో పాటు ‘పొన్నియిన్ సెల్వన్’ ఐదు భాగాలూ తెచ్చుకుంది. వాళ్ల అమ్మమ్మ పత్రికలోంచి వారం వారం చింపి దాచి కుట్టించినవట. ముట్టుకుంటే పొడి రాలుతోంది, అయినా ఎవరినీ తాకనివ్వదు. ఒక నవల మీద ఇంత ప్రేమేమిటండీ? – ఒక అత్తగారు, తణుకు

జవాబు: ముందు ఆ బైండ్లు బీరువాలో పై అరలో పెట్టి, పక్కన కాస్త వేపాకు వెయ్యండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఆ నవల ‘కల్కి’ వారపత్రికలో 1950 అక్టోబరులో మొదలై 1954 మే దాకా, అంటే మూడున్నరేళ్లు నడిచింది. ఇంటికి వచ్చేది ఒకటే కాపీ, చదివేవాళ్లు అరడజను మంది, ముందు ఎవరు చదవాలన్న తగువులు మన ఇళ్లలోనూ సీరియళ్ల కాలంలో చూసినవే కదా. తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజు పండగ నాడు వీరాణం చెరువు గట్టు మీద గుర్రమెక్కి వచ్చే వందియదేవుడితో కథ మొదలవుతుంది. వాడు పెద్ద వీరుడేమీ కాదు, నోటి దురుసు, ఆకలికి ఆగలేడు, చెయ్యకూడని చోటల్లా వేలు పెట్టి ఇరుక్కుంటాడు. చోళరాజుల కథలో మన పక్కింటి కుర్రాడు దూరినట్టు ఉంటుంది, అందుకే అంతమంది మనసు పారేసుకున్నారని నా అనుమానం. సగం ప్రేమ మణియం గారి బొమ్మలది కూడా (ఈ మాట అంటే కల్కి అభిమానులు నన్ను కొడతారు). కథలో సింహళం వస్తుందని ఆ చిత్రకారుణ్ని వెంటబెట్టుకుని కల్కి అక్కడిదాకా వెళ్లి చూసి వచ్చారు.

ఇంకో సంగతి. కథ మొదట్లోనే పాఠకుల్ని ఊహ అనే పడవ ఎక్కమని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు, మధ్యమధ్యలో ఆగి శాసనంలో ఇలా ఉంది, నేను ఇలా అల్లుకున్నాను అన్నట్టు మాట్లాడతారు. పాఠకుణ్ని ఎక్కడా తక్కువ చెయ్యరు. ఆ పత్రిక పుట్టుక కూడా అలాంటిదే. 1941లో సదాశివంతో కలిసి పెడుతున్నప్పుడు పెట్టుబడి కోసం సదాశివం భార్య, మన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారే, ‘సావిత్రి’ సినిమాలో నారదుడి వేషం వేశారు. అలా వచ్చిన పత్రికని జనం తమ సొంతం అనుకోకుండా ఎలా ఉంటారు?

ప్రశ్న: నవల అయిపోయాక పాఠకులు కల్కి మీద గొడవకి దిగారని మా తాతయ్య చెబుతాడు. నిజమా, గొప్పకి చెబుతున్నాడా? – చిత్తూరు నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: తాతయ్యగారు చెప్పింది నిజమే, కాకపోతే గొడవంటే కర్రలు పట్టుకుని కాదు, ఉత్తరాలతో. ఉన్నట్టుండి ఆపేశారేమిటి, వందియదేవుడికి చోళ రాకుమారి కుందవై దక్కిందా లేదా, నందిని ఏమైంది అంటూ అడిగారు. ఆయన విసుక్కోలేదు సరికదా, కూర్చుని ఒక ముగింపుమాట రాసి అందులో జవాబులు చెప్పారు. సాంఘిక కథైతే పెళ్లి చేసి సుఖంగా ఉన్నారని ముగించొచ్చు, చరిత్ర కథకి అలా తలుపు వెయ్యడం కుదరదు, ఆ మనుషుల తర్వాత కూడా చరిత్ర నడుస్తూనే ఉంటుంది కదా అన్నది ఆయన వాదన. నాకైతే నవల ఎంత ఇష్టమో ఆ నాలుగు పేజీలూ అంత ఇష్టం. నవల ముగిసిన 1954లోనే డిసెంబరు 5న ఆయన పోయారు, వయసు 55. అప్పుడు నడుస్తున్న ‘అమరతార’ సగంలో ఆగిపోతే కూతురు ఆనంది పూర్తి చేశారు. ఆయన రచనల్ని 1999లో తమిళనాడు ప్రభుత్వం జాతీయం చేసింది. అంటే ఇక ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. అందుకే ఇవాళ పుస్తకాల దుకాణానికి వెళితే ఆ నవల చౌక అచ్చు దగ్గర్నుంచి గట్టి అట్టల దాకా రకరకాలుగా దొరుకుతుంది.

ప్రశ్న: ఆ కుందవై మా ఊరి కోడలేనటగా? మా ఇంట్లో పందెం కాశాం, తొందరగా చెప్పండి. – రాజమహేంద్రవరం

జవాబు: అవునని పందెం కాసినవాళ్లు ఓడిపోయారు, కానీ పూర్తిగా కాదు. ఇద్దరు కుందవైలు ఉన్నారు. నవలలో ఉన్నది రాజరాజచోళుడి అక్క, ఆవిడ భర్త వందియదేవుడని తంజావూరు శాసనమే చెబుతుంది. అక్క మీద గౌరవంతో కాబోలు, కూతురికీ రాజరాజు అదే పేరు పెట్టుకున్నాడు. ఆ రెండో కుందవై మీ కోడలు. వేంగి చాళుక్య విమలాదిత్యుణ్ని పెళ్లాడింది, వాళ్ల కొడుకే మన రాజరాజనరేంద్రుడు, నన్నయగారి చేత భారతం మొదలుపెట్టించినవాడు. ఆయన మళ్లీ మేనమామ రాజేంద్రచోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు, శుద్ధ మేనరికం! వాళ్లబ్బాయి 1070లో కులోత్తుంగుడన్న పేరుతో ఏకంగా చోళ సింహాసనమే ఎక్కాడు. కథ ఇక్కణ్నుంచి తెలుగు వైపు నడవాలంటే నోరి నరసింహశాస్త్రి గారి ‘నారాయణభట్టు’ పట్టుకోండి, నరేంద్రుడి కొలువు అందులో ఉంది. రేపల్లెలో వకీలు పని చేసుకుంటూ రాశారాయన.

ప్రశ్న: రచయిత కష్టాల్లో ఉంటే పాఠకులు డబ్బిచ్చి ఆదుకున్న సందర్భం ఎక్కడైనా ఉందా? – నిజామాబాద్

జవాబు: ఇస్తామన్న సందర్భం ఉంది, పుచ్చుకోలేదు ఆయన. స్కాట్లండ్‌లో వాల్టర్ స్కాట్. చారిత్రక నవలకి దారి వేసినవాడు, మన చిలకమర్తి వారిని ‘ఆంధ్ర స్కాట్’ అన్నది ఆయన్ని తలుచుకునే. 1826 జనవరిలో ఆయన భాగస్వామిగా ఉన్న ముద్రణాలయం, ప్రచురణకర్తా కలిసి మునిగిపోతే లక్షా ఇరవై వేల పౌండ్ల దాకా అప్పు నెత్తిన పడింది. సాయం చేస్తామని చాలామంది ముందుకు వచ్చారు. అందులో నన్ను కదిలించేది పెద్దవాళ్లెవరూ కాదు, ఆయన కూతుళ్లకి హార్ప్ వాద్యం నేర్పిన మాస్టారు, ఐదారు వందల పౌండ్లు, బహుశా తనకి ఉన్నదంతా, ఇచ్చేస్తానన్నాడు. స్కాట్ ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు గానీ ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు, రాసి తీరుస్తానన్నాడు, రాస్తూ రాస్తూనే 1832లో పోయాడు. మిగిలిన బాకీ తర్వాత ఆ పుస్తకాల మీదే తీరింది. అప్పిచ్చినవాళ్లు కూడా మామూలువాళ్లు కాదండీ, 1830లో ఆయన పుస్తకాల్నీ సామాన్లనీ ఆయనకే వదిలేశారు. పోయాక ఎడింబరోలో 61 మీటర్ల గోపురం లాంటి స్మారకం కట్టారు, దాని పక్కన రైల్వే స్టేషన్‌కి ఆయన నవల పేరే, వేవర్లీ. మన దగ్గర ఏ స్టేషన్‌కైనా నవల పేరు ఉంటే చెప్పండి, నేనే టికెట్ కొనుక్కుని వస్తా.

ప్రశ్న: నాకు బాగా ఇష్టమైన తెలుగు చారిత్రక నవలా రచయిత ఒకరు మా ఊళ్లోనే ఉంటారు. పెద్దాయన. వెళ్లి థ్యాంక్స్ చెప్పాలంటే టెన్షన్, ఏం మాట్లాడాలో తెలియదు. పూలదండ తీసుకెళ్లనా, శాలువానా? – కరీంనగర్ నుంచి ఒక టీచరమ్మ

జవాబు: శాలువాలు ఆయన దగ్గర ఇప్పటికే బీరువాకి సరిపడా ఉంటాయి, వద్దు. కొన్న పుస్తకం ఒకటి పట్టుకెళ్లండి, మీరు గీతలు గీసుకున్న కాపీ అయితే మరీ మంచిది. మాట పెగలకపోతే ఫలానా పేజీలో ఫలానా చోట ఆగిపోయానండీ అనండి చాలు, ఆ తర్వాత ఆయనే మాట్లాడతారు, మీకు కాఫీ చల్లారిపోతుంది. అన్నట్టు, బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి గ్రూపుల్లో పంచి, కింద ‘మహానుభావులు’ అని దండం బొమ్మ పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అడివి బాపిరాజు గారు 1952లో పోయారు, కాపీరైటుకి ఉన్న అరవయ్యేళ్ల గడువు దాటింది, ‘గోన గన్నారెడ్డి’ని ఎంతైనా పంచుకోండి. ఈయన సంగతి అది కాదు కదా.

తప్పు కనపడితే అదీ చెప్పండి, భయం వద్దు. ఒకాయన నవలలో కాకతీయుల వంటింట్లో పచ్చిమిరపకాయల కారం నూరుతున్నారు. మిరప మన దేశానికి పోర్చుగీసువాళ్లతో వచ్చిందనీ, ఆ కాలానికి ఇంకా రెండు వందల ఏళ్లు ఆగాలనీ బిక్కుబిక్కుమంటూ కార్డు రాశాను, పక్కన నవల ఎంత నచ్చిందో ఇరికించి ఇరికించి నాలుగు లైన్లు. నెల దాకా జవాబు లేదు, కోపం వచ్చిందేమో అనుకున్నా. తర్వాత ఒక కార్డు వచ్చింది. నా మెప్పుకోలు గురించి ఒక్క ముక్క లేదు. “మళ్లీ అచ్చుకి మిరియాలు” అని, కింద సంతకం.