పొలం అమ్మి జెనీవా పంపాలా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా అమ్మాయి తిరుపతిలో ఐదేళ్ల లా కోర్సు, నాలుగో ఏడు చదువుతోంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీలకూ, ఖండాల వారీగా ఉండే కమిషన్లకూ మధ్య సమన్వయం మీద పనిచేస్తానంటోంది. దానికి జెనీవాలో ఎల్ఎల్ఎం చేయాలట. వాళ్ల నాన్నేమో జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయమంటున్నారు. రెండెకరాలు అమ్మి పంపమంటారా?

జవాబు: అమ్మా, పొలం జోలికి ఇప్పుడు వెళ్లకండి. అలాగని అమ్మాయి గాలిలో మేడలు కడుతోందని అనుకోవద్దు.

ఆ పనేంటో చెప్తాను. ఐరోపాకు స్ట్రాస్‌బర్గ్‌లో మానవ హక్కుల కోర్టు ఉంది. అమెరికా ఖండాలకు వాషింగ్టన్‌లో కమిషన్, కోస్టారికాలో కోర్టు. ఆఫ్రికాకు గాంబియాలో కమిషన్, టాంజానియాలో కోర్టు. ఇవి కాక జెనీవాలో ఐరాస కమిటీలు. అన్యాయం జరిగిన మనిషికి ఒక్కోసారి రెండు గుమ్మాలూ కనిపిస్తాయి. అందుకే జెనీవాకు పంపే ఫిర్యాదు ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇదే విషయం ఇంకెక్కడైనా పెట్టారా? అక్కడ విచారణ నడుస్తుంటే ఐరాస మానవ హక్కుల కమిటీ దాన్ని చేపట్టదు. ఏ గుమ్మం ఎక్కాలో తెలియక తిరిగితే ఏళ్లు పోతాయి. అందుకని ఈ సంస్థలు ఎవరి దగ్గర ఏం ఉందో ఒకరికొకరు చెప్పుకోవాలి, ఒకరి నిర్ణయాలు మరొకరు చదవాలి. 2012లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ఐరాస ప్రత్యేక ప్రతినిధులూ ఆఫ్రికా కమిషన్ వాళ్లూ కూర్చుని దీనికో రోడ్‌మ్యాప్ రాసుకున్నారు. అమ్మాయిని ముందు అది చదవమనండి.

మన ఆసియా మొత్తానికీ అలాంటి కోర్టు లేదు. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ 2009లో మానవ హక్కుల కమిషన్ పెట్టుకుంది, అందులో మనం లేం. సార్క్‌కు అదీ లేదు. భారత్ 1979లో పౌర, రాజకీయ హక్కుల ఒప్పందంలో చేరింది కానీ, దాని కింద మనిషి నేరుగా జెనీవాకు ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో చేరలేదు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. కోర్టులు కాక మనవాళ్లకు దగ్గర్లో ఉన్న గుమ్మాలు ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్, మన రాష్ట్ర మానవ హక్కుల కమిషన్.

ఆ రెండింటి మధ్యా ఇదే చిక్కు ఉంది చూడండి. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించకూడదు. ఘటన జరిగి ఏడాది దాటితే ఇద్దరూ తీసుకోరు. 2015 ఏప్రిల్‌లో మన శేషాచలం అడవిలో 20 మంది తమిళనాడు కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జాతీయ కమిషన్ తనంతట తానే కేసు తీసుకుంది. తిరుపతిలో చదువుకునే పిల్లకు ఇంతకన్నా దగ్గరి పాఠం లేదు.

ఇక నాన్నగారి మాట. జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎటు వెళ్లినా ముందు నల్లకోటు వేసుకుని కోర్టులో నిలబడాల్సిందే. ఇంట్లో గొడవ అక్కర్లేదు, మూడేళ్ల దాకా ఇద్దరి దారీ ఒకటే.

చదువు అయ్యేలోపు ఢిల్లీ కమిషన్ ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేయించండి. జెనీవా ఐరాస కార్యాలయంలో ఇంటర్న్‌షిప్‌కు జీతం ఇవ్వరు, అక్కడ ఖర్చు మనం తట్టుకోలేం. భాష విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. ఆఫ్రికా కమిషన్‌లో, జెనీవాలో ఫ్రెంచ్ రాకపోతే చాలా తలుపులు తెరుచుకోవు. చెన్నైలో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఆన్‌లైన్ క్లాసులు కూడా చెబుతారు. ఎల్ఎల్ఎం సంగతి ప్రాక్టీసు తర్వాత, స్కాలర్‌షిప్ వస్తేనే.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఒక పని చెప్పండి. మీ ఊళ్లో ఎవరైనా స్టేషన్ చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే, వాళ్ల పక్కన కూర్చుని ఫిర్యాదు తెలుగులో రాయమనండి. తేదీ, చోటు, జరిగింది, చూసినవాళ్లు, ఇంతకుముందు ఎక్కడ పెట్టారు. అన్నీ ఒక్క పేజీలో.