విజేత పేరు లేని ఏడాది

చిరంజీవికి ఆశీస్సులు.

నెదర్లాండ్స్‌లో జరిగే రోటర్‌డామ్ టెన్నిస్ టోర్నమెంటు చరిత్ర మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి, పేర్లూ సరిగ్గానే ఉన్నాయి. కానీ రెండో పేజీకే ఆవలింత వచ్చింది. 1972లో ఆర్థర్ యాష్ గెలిచాడు, 1974లో టామ్ ఓకర్ గెలిచాడు, 1979లో బోర్గ్ గెలిచాడు, 1987, 88ల్లో ఎడ్‌బర్గ్ గెలిచాడు... బళ్లో హాజరు పిలుస్తున్నట్టే ఉంది.

ఆ విజేతల జాబితానే మళ్లీ ముందేసుకో. ఈసారి పేర్ల జోలికి పోకుండా పేరు లేని చోటు వెతుకు. 1984 దగ్గర ఆగిపోతావు. ఫైనల్ మొదలైంది, విజేత లేడు. నువ్వేమో దాన్ని “అనివార్య కారణాల వల్ల ఫైనల్ పూర్తి కాలేదు” అని ఒక్క ముక్కలో తేల్చేశావు. కథంతా ఆ అనివార్య కారణంలోనే ఉంది కదయ్యా!

ఒకవైపు జిమ్మీ కానర్స్. 1978లో, 1981లో అక్కడ గెలిచినవాడు. ఇంకోవైపు ఇవాన్ లెండిల్. మొదటి సెట్టు లెండిల్ 6-0తో ఊడ్చేశాడు. కానర్స్ లాంటి మొండిఘటానికి ఒక్క గేమ్ కూడా దక్కలేదు. రెండో సెట్టులోనూ లెండిల్‌దే 1-0 ఆధిక్యం. అప్పుడొచ్చింది ఊరూ పేరూ లేని ఫోన్, బాంబు పెట్టామని. ఆట ఆపి, టోర్నమెంటు జరిగే అహోయ్ హాలు ఖాళీ చేయించారు. వెతికితే బాంబూ లేదు, గీంబూ లేదు. కానీ మళ్లీ కోర్టులోకి రావడానికి లెండిల్ ఒప్పుకోలేదు. ఇంకో ఐదు గేములు గెలిస్తే కప్పు అతనిదే, అయినా ససేమిరా అన్నాడు. స్కోరు 6-0, 1-0 దగ్గరే ఉండిపోయింది.

వ్యాసం ఇక్కడ మొదలుపెట్టు. కాకపోతే ఒక జాగ్రత్త. ఆ పూట లెండిల్ మనసులో ఏముందో నీకూ నాకూ తెలియదు. భయపడ్డాడని రాయకు, పొగరని కూడా రాయకు. ఏం చేశాడో చెప్పి ఊరుకో. తర్వాత సంగతులు వరుసగా పెట్టు. ఆ వేసవిలోనే ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో మెకన్రో చేతిలో రెండు సెట్లు పోగొట్టుకుని కూడా తిరగబడి గెలిచి, మొదటి గ్రాండ్‌స్లామ్ అందుకున్నాడు. కెరీర్ మొత్తంలో 94 సింగిల్స్ టైటిళ్లు కొట్టాడు. వాటిలో రోటర్‌డామ్ లేదు. 1991లో మళ్లీ అక్కడి ఫైనల్‌దాకా వచ్చి, మూడో సెట్టు టైబ్రేక్‌లో ఇటలీ ఆటగాడు కాంపొరీసె చేతిలో ఓడిపోయాడు. ఇది రాయగానే “విధి పగబట్టింది” అనే వాక్యం కలం చివర సిద్ధంగా ఉంటుంది. కొట్టెయ్.

ఇంకో ఊబి కూడా ఉంది. 1940 మేలో జర్మన్ విమానాలు రోటర్‌డామ్ నడిబొడ్డును నేలమట్టం చేశాయి. ఆ బాంబులకీ ఈ ఉత్తుత్తి బాంబుకీ ముడిపెట్టాలని చెయ్యి దురద పెడుతుంది. పెట్టకు, అతకదు. ఆ యుద్ధం సంగతి హాలు గురించి చెప్పే చోట పనికొస్తుంది. దెబ్బతిన్న రేవును మళ్లీ కట్టుకున్న సంబరానికి 1950లో అక్కడ ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. అహోయ్ అనే పేరు అప్పటిదే. ఇప్పుడున్న అహోయ్ 1971లో తెరిచారు. మరుసటి ఏడాదే అందులోకి టెన్నిస్ వచ్చింది.

మన పాఠకుణ్ణి కూడా కాస్త గుర్తుపెట్టుకో. ఇండోర్ అంటే అతనికి గచ్చిబౌలి, షటిల్. టెన్నిస్‌ని హాల్లో ఎందుకు ఆడతారో నువ్వు ఎక్కడా చెప్పలేదు. ఫిబ్రవరిలో నెదర్లాండ్స్‌లో బయట ఆడితే వేళ్లు కొంకర్లు పోతాయి, పైగా వాన. పైకప్పు కింద ఎండా లేదు, గాలీ లేదు. సర్వ్‌కి ఎగరేసిన బంతి అటూ ఇటూ పోదు. మొదట్లో కార్పెట్ మీద ఆడేవారు. దాని మీద బంతి పెద్దగా లేవకుండా సర్రున జారిపోయేది. ఇప్పుడు హార్డ్ కోర్టు. పెద్ద సర్వ్ ఉన్న డచ్ ఆటగాడు క్రాయిచెక్ లాంటివాళ్లు అక్కడెందుకు చెలరేగారో ఈ నాలుగు మాటలు చెబితే పాఠకుడే ఊహించుకుంటాడు.

ఫెదరర్‌కి రెండు పేజీలు ఇచ్చావు. అభిమానం, అర్థమైంది. సగానికి కోసెయ్. 2018లో అతను కప్పు గెలవడంకంటే క్వార్టర్ ఫైనల్ ముఖ్యం. ఎదురుగా ఉన్నది డచ్ ఆటగాడు రాబిన్ హాస్. మొదటి సెట్టు 4-6తో పోయింది. తర్వాత 6-1, 6-1. ఆ గెలుపుతో 36 ఏళ్ల వయసులో ఫెదరర్ మళ్లీ ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. అంత వయసులో ఆ స్థానంలో కూర్చున్నవాడు అప్పటికి ఎవరూ లేరు. ఆ రికార్డుని జొకోవిచ్ తర్వాత దాటేశాడు, ఆ మాటా చేర్చు. అభిమానం అడ్డొచ్చి వదిలేసినట్టున్నావు.

అంతకు మించి నువ్వు వదిలేసింది ఒకటుంది. క్రాయిచెక్ 1995లో, 1997లో అక్కడ గెలిచాడు. 1998లో సీమెరింక్ గెలిచాడు, అతనూ డచ్చివాడే. 2004 నుంచి టోర్నమెంటు డైరెక్టరు ఆ క్రాయిచెకే. అతను కుర్చీ ఎక్కాక ఫెదరర్ మూడుసార్లు గెలిచాడు, మర్రే, సిన్నర్, ఆల్కరాజ్ గెలిచారు. 2025 దాకా ఒక్క డచ్ ఆటగాడూ సింగిల్స్ కప్పు ఎత్తలేదు. ఏటా ఆ కప్పు పరాయి దేశంవాడికే పోతుంటే చూస్తూ ఉండాల్సిన మాజీ విజేత అతను. ఫెదరర్ దగ్గర మిగిలిన పేజీ ఇతనికివ్వు. ముందు ఆ పేరా ఒక్కటే రాసి పంపు, వ్యాసం టైటిల్ సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో