జ్యాదతీ అంటే ఏ జ్యాదతీ?

తమ్ముడూ,

పంజాబీ పత్రికలు, పాకిస్తాన్ దక్షిణ పంజాబ్‌లో మాట్లాడే సరాయికీ పత్రికలు నోరు విప్పి అనలేని మాటల మీద రాయబోతున్నావు కదా. పేపర్ కత్తిరింపుల్ని మొదటే రెండు కట్టలు కట్టు. జలంధర్, చండీగఢ్‌లలో గురుముఖి లిపిలో వచ్చేవి ఒకటి, లాహోర్, ముల్తాన్‌లలో ఉర్దూ అక్షరాల్లో వచ్చేవి ఇంకొకటి. కలిపేస్తే తేడాలు కనపడవు.

చావు మాటలు తేలిక. సిక్కు పెద్దాయన పోతే గురుముఖి పత్రిక ‘అకాల్ చలాణా’ అంటుంది, లాహోర్ పత్రిక ‘ఇంతకాల్’ అంటుంది. ఇళ్లలో ‘పూరే హో గయే’ అంటారు, నిండిపోయారని. మనింట్లో బియ్యం నిండుకోవూ, అలాగే. మన దీపం కొండెక్కితే వాళ్లు దీపాన్ని ‘వడ్డా’ చేస్తారు, అంటే పెద్దది. వీటికి ఒక్క పేరా చాలు.

పని పడేది ‘జ్యాదతీ’ దగ్గర. అసలర్థం అతి చెయ్యడం. కూలి ఎగ్గొట్టినా జ్యాదతీయే, రేప్ చేసినా జ్యాదతీయే. శీర్షిక చూసి తేల్చకు, వార్త అడుగున సెక్షన్ వెతుకు. పాకిస్తాన్ వార్తలో 376 ఉంటే రేప్. మన పంజాబ్ వార్తయితే 2024 జులై 1కి ముందు నేరానికి ఐపీసీ 376, తర్వాత నేరానికి దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్ఎస్ 64. సెక్షన్ లేకపోతే వైద్య పరీక్ష ప్రస్తావన ఉందేమో చూడు. తెలుగులో ‘అత్యాచారం’ అని దించేస్తే గోతిలో పడ్డట్టే, ఎందుకంటే మన మాటా అచ్చం అలాంటిదే: అతి, ఆచారం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ చట్టం పేరులోని అత్యాచారాలన్నీ రేపులు కావు కదా.

గురుముఖి వార్తల్లో ‘జబర్ జనాహ్’ ఎక్కువ. అందులో ఉన్నది ‘జినా’, అక్రమ సంబంధం. దానికి ముందు ‘బలవంతపు’ అని తగిలించారు. ‘పత్ లుట్టీ’ మరీ అన్యాయం: పోయిందేమో అమ్మాయి పరువట! మన ‘మానభంగం’ దానికి తోబుట్టువు. మూలంలో మాటను కొటేషన్లలో ఒకసారి చూపించి, నీ వాక్యంలో మాత్రం రేప్ అనే రాయి.

నేను అన్నిటికంటే అనుమానించే మాట ‘ఘరేలూ నాచాకీ’, ఇంట్లో పొసగకపోవడం. భార్యను భర్త చంపినా, చెల్లెల్ని అన్న చంపినా వార్తలో ఇదే కారణం. అటు పాకిస్తాన్ దక్షిణ పంజాబ్‌లో ‘కాలా కాలీ’ ఉంది: నల్లవాడు, నల్లది, అంటే అక్రమ సంబంధం అంటగట్టిన జంట. ఆ ముద్ర వేసేది చంపినవాళ్లే, దాన్నే పత్రిక తన మాటగా అచ్చేస్తే తీర్పు వాళ్లదే అయిపోతుంది. పేరు మారితే కేసూ మారుతుంది. పాకిస్తాన్‌లో 2016 చట్ట సవరణ ప్రకారం పరువు హత్యలో కుటుంబం క్షమించినా దోషికి యావజ్జీవం తప్పదు. ‘నాచాకీ’ అని రాసుకుంటే ఆ క్షమాపణ తలుపు మళ్లీ తెరుచుకోవచ్చు. అందుకే ప్రతి వార్తకూ కర్తను పెట్టి తిరగరాయి: ఎవరు, ఎవర్ని, దేనితో. కర్త దొరక్కపోతే దొరకలేదనే రాయి.

కులం తిట్లు, ట్రాన్స్‌జెండర్లను కించపరిచే ‘ఖుస్రా’ లాంటివి ఉదాహరణగా ఒక్కసారి పూర్తిగా రాయి. చుక్కలు పెడితే పాఠకుడు ఇంకేదో ఊహిస్తాడు. ఇప్పటి మర్యాద మాట ‘ఖ్వాజాసరా’ పక్కనే ఇవ్వు.

కత్తిరింపు ఫొటో వేసే ముందు పేరొక్కటే కొట్టేసి ఊరుకోకు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం పాకిస్తాన్‌లో 376-ఎ కింద, మన దగ్గర బీఎన్ఎస్ 72 కింద నేరం. చిన్న ఊళ్లో తండ్రి వృత్తి, వీధి పేరు చాలు, మనిషి తెలిసిపోతుంది. వాటినీ నల్లగా పూసెయ్యి.