బిళ్ల గట్టిగానే ఉంది, జిర్కోనియమే నిలవడం లేదు

ప్రశ్న: కరీంనగర్ గ్రానైట్ పొడిని 200 మెష్ జల్లెడ పట్టి, 10 టన్నుల ఒత్తిడితో 13 మి.మీ. బిళ్లలు కొట్టాను. ఎక్స్‌ఆర్‌ఎఫ్‌లో (ఎక్స్-కిరణాలతో మూలకాలను కొలిచే పరికరంలో) అంకెలు బాగానే ఉన్నాయి. లేజర్ ఐసీపీ-ఎంఎస్‌లో (బిళ్లను లేజర్ తో గీతలుగా చెక్కి, లేచిన పొడిలో మూలకాలను కొలిచే పరికరంలో) మాత్రం జిర్కోనియం, హాఫ్నియం గీతకో తీరుగా వస్తున్నాయి. లేజర్ తగిలిన చోట పొడి రాలుతోంది కూడా. బైండర్ (పొడిని అతికించే పదార్థం) పెంచమంటారా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బైండర్ జోలికి వెళ్లకండి, పొడిని ఇంకా మెత్తగా నూరండి. 200 మెష్ అంటే 75 మైక్రాన్లు. లేజర్ స్పాట్ (లేజర్ తగిలే చుక్క) 80 మైక్రాన్లు పెట్టుకున్నారనుకుందాం, ఒక్క గింజే దాన్ని దాదాపు నింపేస్తుంది. గ్రానైట్‌లోని జిర్కోనియం చాలావరకు జిర్కాన్ అనే ఖనిజపు గింజల్లోనే ఉంటుంది, జిర్కాన్ బరువులో దాదాపు సగం జిర్కోనియమే. దారిలో ఓ గింజ తగిలితే సిగ్నల్ ఎగురుతుంది, తగలకపోతే పడిపోతుంది. ఎక్స్‌ఆర్‌ఎఫ్ బిళ్ల ముఖంలో చాలా భాగాన్ని ఒకేసారి చూస్తుంది కాబట్టి అక్కడ ఈ సంగతి బయటపడలేదు.

అగేట్ (గట్టి సిలికా రాయి) గిన్నెలో 2 గ్రాముల పొడి, 5 మి.లీ. డీఅయనైజ్డ్ నీళ్లు, అగేట్ గుండ్లు వేసి ప్లానెటరీ మిల్లులో (గిన్నెను గిరగిరా తిప్పి నూరే యంత్రంలో) అరగంట నూరండి. వేడెక్కకుండా మధ్యమధ్య ఆపండి. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నె వద్దు, టంగ్‌స్టన్, కోబాల్ట్ పొడిలోకి దిగుతాయి. అగేట్ అరిగితే కలిసేది సిలికా. సిలికాన్-29నే అంతర్గత ప్రమాణంగా (మిగతా మూలకాల సిగ్నల్ ను పోల్చి సరిచేసుకునే మూలకంగా) వాడేట్టయితే సిలికాను నూరిన పొడిలోనే కొలవాలి, పాత అంకె పనికిరాదు.

చాలామంది తప్పేది ఆరబెట్టేటప్పుడు. పైకి తేరిన నీళ్లను వంచేస్తే కరిగిన లవణాలూ వాటితోపాటే పోతాయి. కదపకుండా వదిలేస్తే బరువైన ఖనిజాలు అడుక్కి చేరతాయి. 60-70 డిగ్రీల దగ్గర, కలుపుతూ ఆరనిచ్చి, గట్టిపడిన చెక్కను మొత్తం అగేట్ రోట్లో మళ్లీ నూరి కలపండి. రెండు మూడు మైక్రాన్లకు దిగిన పొడి బైండర్ లేకుండానే నిలుస్తుంది. ప్రెస్సులో ఒత్తిడిని ఒకట్రెండు నిమిషాలు ఉంచి, మెల్లగా తగ్గించండి. ఒక్కసారి వదిలేస్తే బిళ్ల పొరలుగా విడిపోతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో లేజర్ గీతే చెబుతుంది. మైక్రోస్కోపు కింద అంచులు కోసినట్టు ఉంటే సరే. చుట్టూ పొడి చెదిరి, అంచులు పెచ్చులూడితే మళ్లీ మిల్లుకే.

క్యాలిబ్రేషన్‌కు (పరికరం అంకెలను తెలిసిన నమూనాతో సరిచూడటానికి) నిస్ట్ 612 అనే ప్రామాణిక గాజునొక్కదాన్నే నమ్ముకోకండి. గాజు, పొడిబిళ్ల లేజర్ కు ఒకేలా చెక్కుకుపోవు. జీఎస్‌పీ-2 లాంటి ప్రామాణిక శిలాపొడినీ ఇదే పద్ధతిలో నూరి బిళ్ల చేసి పక్కన పెట్టండి.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు, లిథియం బోరేట్‌తో కరిగించి గాజుబిళ్ల చేస్తే సరిపోదా?

జవాబు: జిర్కాన్ విషయంలో అదే గట్టి దారి, పూర్తిగా కరిగితే గింజల గొడవే ఉండదు. కానీ వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి సీసం, కాడ్మియం, థాలియం కొంత ఆవిరైపోతాయి. లిథియం, బోరాన్ కొలవడం ఎలాగూ కుదరదు. ఫ్లక్స్‌తో (కరిగించడానికి కలిపిన బోరేట్ తో) పలచబడటం వల్ల తక్కువ మోతాదు మూలకాలు డిటెక్షన్ లిమిట్ (పరికరం గుర్తించగల కనీస మోతాదు) కిందకు జారతాయి. సల్ఫైడ్లు (గంధకం ఉన్న ఖనిజాలు) ఉన్న రాయిని ముందుగా ఆక్సీకరణం చేయకుండా ప్లాటినం క్రూసిబుల్‌లో (కరిగించే మూసలో) వేశారో, క్రూసిబుల్‌పై ఆశ వదులుకోవాల్సిందే.